ఆబోతుల పోరు - అడవి వెల

ఆబోతుల పోరులో లేగల కాళ్లు విరుగునని మన పెద్దల సామెత. అమెరికా, రష్యా దేశముల నడుమ అణ్వస్త్రముల పోటీని గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు మన గ్రామములలోని భూస్వాములును, పట్టణములలోని విద్యావంతులును దానిని సముద్రములకు ఆవలి సంగతిగా నెంచి పత్రిక పుట త్రిప్పివేయుట కద్దు. ఆ పోరు తమ పొలిమేరకు రాలేదని వారి తలంపు. కాని వచ్చినది, వచ్చి గోదావరి యొడ్డున స్థిరపడి ముప్పదియేండ్లు దాటినది. ఏటేట శ్రీరామనవమికి భద్రాద్రి చేరు యాత్రికులు సీతారాముల కల్యాణము కనులార చూచి, గోదావరిలో స్నానమాడి మరలిపోదురు. ఆ స్నానపు రేవునకు ఎగువను, నదికి కుడిప్రక్కను, మణుగూరు బొగ్గుగనుల చేరువ అశ్వాపురము చెంత నొక కర్మాగారము కలదు. అందు తయారగు సరుకు చూచుటకు నీటివలెనే యుండును. దాని పేరు భారజలము. అది అక్కడికి ఏల వచ్చినదో విచారించినవారికి, లోకమును రెండుగా చీల్చిన అణువైరము మన యడవి యంచును ఎట్లు తాకినదో తేటపడును. ఆ వృత్తాంతమును పాఠకుల యెదుట నుంచి, అందుండి మనకు సంక్రమించిన కర్తవ్యమేమో చెప్పుట మా యుద్దేశము.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి పట్టణములు భస్మమైన నాటికి ఆ బాంబు ఒక్క అమెరికా చేతనే యుండెను. 1949లో సోవియట్ రష్యా తన బాంబును పేల్చెను. అది మొదలు ఒకరి భయము రెండవవారి కవసరమయ్యెను. 1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ మహాసముద్రమందలి బికినీ దీవిలో అమెరికా పేల్చిన ఉదజని బాంబు హిరోషిమా బాంబునకు ఇంచుమించు వేయిరెట్ల బలము కలది. ఆ విషధూళి దూరముననున్న యొక జపాను చేపలపడవపై రాలగా, అందలి 23 మంది జాలరులును వ్యాధిగ్రస్తులైరి; ఆ సెప్టెంబరులో వారిలో నొకడు మరణించెను. ఆ జాలరులకు ఏ రాజ్యముతోడను పగలేదు. తమ పొట్టకూటికై వలవేయుచుండిరి. ఈ వార్త లోకమును కలచినప్పుడు, ఏప్రిల్ 2వ తేదీన లోకసభలో నెహ్రూ పండితుడు అణుపరీక్షలను ఉన్నచోట నిలిపివేయుడని అగ్రరాజ్యములను కోరెను. స్వరాజ్యము వచ్చి ఏడేండ్లు నిండని దేశము, చేత ఆయుధము లేని దేశము, ఆ మాట అనగలిగినది. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. మరల దానితో పనిపడును.

అణువైరము పరాకాష్ఠ నందినది 1962 అక్టోబరులో. క్యూబా దీవిలో సోవియట్ రష్యా అణ్వస్త్రములను నిలుపుచున్నదని విమానముల నుండి తీసిన ఛాయాచిత్రముల వలన అమెరికాకు తెలిసెను. 22వ తేదీన అధ్యక్షుడు కెనడీ ఆ సంగతిని లోకమునకు వెల్లడించి, దీవిని యుద్ధనౌకలతో చుట్టుముట్టించెను. రష్యా సరిహద్దున టర్కీలో అమెరికా అట్టి యస్త్రములనే అంతకు పూర్వమే నిలిపియుండెను. ఒకరు చేసినది రక్షణ, రెండవవారు చేసినది దురాక్రమణ అని ఉభయులును వాదించిరి. 27వ తేదీన క్యూబాపై నొక అమెరికా విమానము కూల్చబడెను. ఆనాడే అమెరికా నౌకలు హెచ్చరికగా చిన్నపాటి లోతుబాంబులను విడిచి యొక సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పింప యత్నించెను. ఆ జలాంతర్గామిలో అణుముఖము గల టార్పెడో యున్నదని నౌకలవారెరుగరు. యుద్ధము మొదలైనదో లేదో జలాంతర్గామిలోని వారెరుగరు. టార్పెడోను ప్రయోగింపవలెనను మాట వచ్చినప్పుడు వాసిలీ అర్ఖిపోవ్ అను నధికారి సమ్మతింపలేదు. మరునాడు సోవియట్ నాయకుడు కృశ్చెవ్ అస్త్రములను మరలించుట కంగీకరించెను. టర్కీలోని యస్త్రములను తొలగింతుమని అమెరికా రహస్యముగా మాట ఇచ్చెను. లోకము బ్రతికినది. అది రాజనీతి చాతుర్యము వలన నని గ్రంథములు చెప్పును. నీటి యడుగున ఉక్కపోతలో నొక మనుష్యుడు వహించిన నిగ్రహము వలన గూడ నని మేము చెప్పుదుము.

ఆ దినములలో మన దేశము సుఖముగా లేదు. అక్టోబరు 20వ తేదీన, అగ్రరాజ్యముల చూపంతయు క్యూబాపై నిలిచియున్న వేళ, చీనా సేనలు హిమాలయములు దాటి మనపై పడినవి. నవంబరు 21వ తేదీన చీనా తనంత తానే పోరు ఆపువరకు దేశము పడిన అవమానమును పెద్దవారు మరవలేదు. రెండేండ్లు తిరుగకమునుపే, 1964 అక్టోబరు 16వ తేదీన, ఆ చీనాయే అణుబాంబును పేల్చెను. చీనాకు ఆ విద్యలో తోడ్పడుచుండిన రష్యా 1959లో తన సాయమును ఉపసంహరించెను. అమెరికా ఆ దేశమును అంతకు ముందే అణ్వస్త్రముల పేర బెదరించియుండెను. ఇట్లు ఇద్దరి వైరము మూడవవానిని తయారుచేసినది. మూడవవాడు మన పొరుగువాడు.

క్యూబా సంకటము పిమ్మట అగ్రరాజ్యములు కొంత వివేకము చూపకపోలేదు. 1963లో ఉభయ రాజధానుల నడుమ నేరుగా వర్తమానము పంపుకొను ఏర్పాటు జరిగెను. అదే సంవత్సరము ఆగస్టులో వాయుమండలమునను, సముద్రమునను, అంతరిక్షమునను అణుపరీక్షలు చేయరాదని మాస్కోలో ఒడంబడిక కుదిరెను. కాని ఆ వివేకము వెంబడి స్వార్థమును నడచివచ్చినది. 1968లో సిద్ధమై 1970లో అమలునకు వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తినిరోధ సంధి ప్రకారము, 1967 జనవరి 1వ తేదీకి ముందు బాంబు పేల్చిన దేశములు అయిదు మాత్రమే అణ్వస్త్ర రాజ్యములు. తక్కిన లోకమంతయు వట్టిచేతులతో నుండి, తమ కర్మాగారముల తలుపులు తనిఖీదారులకు తెరచి యుంచవలెను. అయిదుగురును తమ యాయుధములను తగ్గించుకొందుమని అందు మాట ఇచ్చినారు గాని దానికి గడువు లేదు. అప్పు పుచ్చుకొన్నవాడు తేదీ వ్రాయక పత్రము నిచ్చిన ఏ భూస్వామి యొప్పుకొనును? మన దేశము ఒప్పుకొనలేదు. ఆ నిరాకరణము న్యాయమని మేము తలంతుము. కాని నిరాకరించినవాడు దాని వెలను చెల్లింపక తప్పదు.

ఆ వెల ఎట్టిదో 1971లోనే సూచన కనబడెను. బంగాళా యుద్ధము జరుగుచుండగా అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ అను విమానవాహక నౌకను బంగాళాఖాతమునకు పంపెను. అణుశక్తితో నడచు మహానౌక యది. దాని వెన్నంటి సోవియట్ నౌకలును వచ్చెను. ఆ నెల మొదటనే విశాఖపట్టణపు రేవు బయట పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ మునిగియుండెను. క్యూబా చెంత తొమ్మిదేండ్ల క్రిందట నెదురెదురుగా నిలిచిన రెండు నౌకాబలములును మన యాంధ్ర తీరము తడియు సముద్రముననే మోహరించినవి. ఆ నాటి దృశ్యము ఢిల్లీలోని వారి నిర్ణయములపై నెంత పనిచేసినదో వేరుగ చెప్పనక్కరలేదు.

1974 మే 18వ తేదీన రాజస్థానములోని పోఖరాన్ ఇసుక క్రింద మనవారు తొలి యణుపరీక్ష జరిపిరి. శాంతియుత ప్రయోజనమునకే యని ప్రభుత్వము ప్రకటించెను. దానికి వలసిన ప్లుటోనియము ట్రాంబేలోని సైరస్ రియాక్టరు నుండి వచ్చినది. ఆ రియాక్టరును కట్టియిచ్చినది కెనడా. అందు పోసిన భారజలము నిచ్చినది అమెరికా. శాంతి ప్రయోజనమునకని యిచ్చిన సరుకును బాంబునకు వాడితిరని ఆ దేశములు కినిసినవి. కెనడా తన సాయమును నిలిపివేసెను. రాజస్థానములో దాని తోడ్పాటుతో కట్టుచుండిన రెండవ రియాక్టరు నడుమ నాగిపోయెను. అణుసామగ్రి అమ్ము దేశములు కూటమిగా నేర్పడి, తనిఖీకి లోబడనివానికి సరుకు పోయరాదని కట్టుబాటు చేసుకొన్నవి. ఊరివారు బావినీరు తోడుకొననీయక ఒకని వెలివేసినట్లు మన దేశము వెలివేయబడినది.

ఇక్కడ భారజలము సంగతి కొంత వివరింపవలసియున్నది. మామూలు నీటిలోని హైడ్రోజను పరమాణువులలో ఆరేడు వేలకొకటి తక్కినవానికి రెట్టింపు బరువు కలిగియుండును. 1931లో యూరే అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొని నోబెల్ బహుమానము పొందెను. అట్టి బరువైన హైడ్రోజను గల నీరే భారజలము. యురేనియమును శుద్ధిచేసి సారవంతము గావించు యంత్రములు లేని దేశము, భూమినుండి త్రవ్విన యురేనియమునే రియాక్టరులో మండింపదలచినచో ఈ నీరు కావలెను. ఈ నీటికొరకు రెండవ ప్రపంచయుద్ధములో ప్రాణములు పోయినవి. జర్మనుల చేజిక్కిన నార్వేలోని భారజల కర్మాగారమును 1943లో దేశభక్తులు ప్రేల్చివేసిరి. మరుసటి సంవత్సరము ఆ సరుకు నెక్కించిన పడవను సరస్సులో ముంచిరి. మనకున్న రియాక్టరు లధికభాగము సహజ యురేనియముతో నడచునవి. ఒక్కొక్కటి ఆరంభమునకే రెండువందల టన్నులకు మించిన భారజలమును కోరును. కావున మనకు ఇంధనముకంటె ముందు ఈ నీరే కరవైనది. 1976లో సోవియట్ రష్యాను ఆశ్రయించితిమి. మిత్రుడని నమ్మిన ఆ దేశమును తనిఖీ షరతును విధించినది. 1977లో దానికి తల యొగ్గవలసివచ్చెను. కెనడా కోపించి నేర్పినదానిని రష్యా చిరునవ్వుతో నేర్పినది. పరుల నీటితో మన పొలము పండదని తేలిపోయినది.

అందుచేతనే మన శాస్త్రజ్ఞులు స్వంత కర్మాగారములకు పూనుకొనిరి. బరోడా, తూత్తుకుడి, తాల్చేరు, కోట, థాల్, హజీరా - ఈ వరుసలోనిదే మన మణుగూరు. భారజలమునకు కావలసినవి సమృద్ధియగు నీరు, ఎడతెగని ఆవిరి, విద్యుత్తు, జనసమ్మర్దము లేని విశాలమగు చోటు. గోదావరి నీరు, సింగరేణి బొగ్గు, అశ్వాపురము చెంత అడవి యంచు - మూడును ఒకచోట కుదిరినవి. అక్కడి పని రీతి యిట్టిది. ఎత్తయిన ఉక్కుగోపురములలో నీరు పైనుండి దిగుచుండ హైడ్రోజన్ సల్ఫైడు వాయువు క్రిందినుండి ఎక్కుచుండును. చల్లని భాగమున బరువైన హైడ్రోజను వాయువును విడిచి నీటిలో చేరును. వేడి భాగమున నీటిని విడిచి వాయువులో చేరును. ఈ రాకపోకలను గోపురము తరువాత గోపురమున సాగించి సాగించి, తుదకు నీటిని స్వేదనము చేసి నూటికి 99.8 పాలు శుద్ధమగు భారజలమును తీయుదురు. ఒక టన్ను భారజలమునకు పదులవేల టన్నుల నదీజలమును నడపవలెను. ఏటికి 185 టన్నులు తీయగల ఈ కర్మాగారము 1991లో పనికి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే సోవియట్ రాజ్యము అంతరించెను. ఏ వైరమువలన ఈ కర్మాగారము కట్టవలసివచ్చినదో ఆ వైరములోని ఒక పక్షము, ఇది పుట్టిన యేటనే భూపటమున లేకుండ పోయినది.

దీనివలన దేశమునకు మేలు జరిగినదా యనిన, జరిగినదనియే మా యుత్తరము. ఒకనాడు మనకు లేదనిన సరుకును తరువాత మనమే దక్షిణ కొరియా మొదలగు దేశముల కమ్మగలిగితిమి. 2008 సెప్టెంబరులో అణుసామగ్రి కూటమి తన వెలిని సడలించుటకు కారణము దయ కాదు. వెలివేసినను ఇతడు బ్రతికినాడను ఎరుక. స్వదేశీ యను పదమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు. ఐనను మరియొక సంగతి చెప్పక విడువరాదు. 2006లో ప్రభుత్వము పార్లమెంటు ముందుంచిన విభజన ప్రణాళికలో పౌర ప్రయోజనములకు చెందినవిగా పేర్కొన్న భారజల కర్మాగారములు థాల్, తూత్తుకుడి, హజీరా మాత్రమే. మణుగూరు ఆ పట్టికలో లేదు. అనగా దేశరక్షణతో సంబంధముగల కట్టడముల ప్రక్కనే దీనికి చోటు చూపిరన్నమాట. లోకమున అణువైరము మరల రాజుకొన్నచో దాని సెగ సోకు స్థలములలో మన గోదావరి తీరమొకటి యని గ్రహించుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇప్పుడు ఈ గర్వమునకు వెల చెల్లించువారి సంగతి. ఆ తీరపు అడవులు కోయలవి, కొండరెడ్లవి. వారి సరిహద్దులను గీచినవారెవరును వారి నడిగి గీయలేదు. ఒకప్పుడు గోదావరికి ఆ యొడ్డు ఆంగ్లేయులది, ఈ యొడ్డు నిజామువారిది. 1959లో భద్రాచలమును తూర్పు గోదావరి నుండి తీసి ఖమ్మము జిల్లాలో కలిపిరి. 2014లో పోలవరము నిమిత్తము మండలములను మరల చీల్చి ఆంధ్రప్రదేశమునకు చేర్చిరి. 2016లో ఖమ్మమును విభజించి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాను ఏర్పరచిరి. గీత మారినప్పుడెల్ల కచేరి మారినది, కాగితము మారినది. గూడెపువాని స్థితి మాత్రము మారలేదు. బొగ్గు అతని నేల క్రిందిది, నీరు అతని నదిది, వెలుగు పట్టణములది. అణువిషయములో అయిదు దేశములు తక్కిన లోకమును చూచిన చూపునకును, మన పట్టణములు ఈ యడవిని చూచు చూపునకును భేదమేమో మేము కనుగొనలేకున్నాము. మాకు తెలియును, మీకు తెలియనక్కరలేదు - ఇదియే కదా రెంటి సారమును.

పైన చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడు సామాన్యమగు వాయువు కాదు. కొంచెము సోకిన కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టును. ఎక్కువైనచో ఘ్రాణశక్తినే చంపును. కావున ప్రమాదము ముదిరిన వేళ వాసన లేదని మనుష్యుడు నిశ్చింతగా నుండును. గాలికంటె బరువైనది గనుక పల్లములను, వాగులను పట్టి ప్రాకును. గూడెములుండునది వాగుల వెంబడినే. కర్మాగారమువారు జాగ్రత్తలు లేకుండ నున్నారని మేమనము. అట్టి సరుకుతో పనిచేయుచోట అత్యవసర ప్రణాళికలును, అభ్యాసములును ఉండి తీరును. మా ప్రశ్న వేరు. భోపాలు ఘోరము జరిగిన పిదప 1989లో చేసిన నిబంధనలు, అపాయకరమగు రసాయనములు నిలువయుంచు ప్రతివాడును చుట్టుప్రక్కల ప్రజలకు ఆ యపాయమును, తప్పించుకొను తెరువును తెలుపవలెనని విధించినవి. తెలుపుట యనగా బోర్డు కట్టుట కాదు. ఆ తల్లికి, ఆ ముసలివానికి, తమ కోయభాషలో, గాలి ఏ దిక్కున వీచిన ఏ మిట్టకు పోవలెనో తెలియవలెను. 2020 మే 7వ తేదీన విశాఖ చెంత వెంకటాపురములో తెల్లవారుజామున స్టైరీను ఆవిరి నిద్రించువారిపై వ్యాపించి పండ్రెండుగురు చనిపోయిరి. మహానగరపు అంచున, వైద్యశాలలకు చేరువనున్న గ్రామమే అట్లైనప్పుడు, అడవిలోని గూడెమును గూర్చి చెప్పవలెనా?

నదిని గూడ లెక్కలోనికి తీసికొనవలెను. భద్రాచలము వద్ద నీటిమట్టము 53 అడుగులకు వచ్చిన మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును చేరినది. వరద వచ్చినప్పుడు రోడ్లు తెగును, పడవలు నిలుచును, పారిపోవుటకు తెరువుండదు. వరదను, వాయువును వేరువేరుగా తలచిన ప్రణాళిక కాగితమున నిలుచునే గాని గోదావరి ముందు నిలువదు.

దేశరక్షణ విషయములు బహిరంగపరచరాదని కొందరు ఆక్షేపింపవచ్చును. 1962 నాటి అణుశక్తి చట్టము ఈ మార్గముననే నడచి, అణుకర్మాగారముల సమాచారము వెల్లడి కాకుండ నిరోధించు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. ఆ చట్టము సిద్ధమైనది క్యూబా సంకటమునకు నెల ముందు, కాలము అట్టిది. ఎంత భారజలము ఎక్కడికి పోయినదో చెప్పుడని మేమడుగుటలేదు. అది రహస్యమైన రహస్యముగనే యుండనిండు. విషవాయువు లీకైన ఏమి చేయవలెనను సంగతి శత్రువునకు ఉపకరింపదు, ప్రక్కయింటివానికి ఉపకరించును. రెండును ఒకే మూటలో కట్టి బీగము వేయుట రక్షణ కాదు, అలవాటు.

ఇక లోకస్థితి. అణుముఖముగల అస్త్రముల సంఖ్య 1986 ప్రాంతమున సుమారు డెబ్బదివేలు. అప్పటి సంధుల ఫలముగా అది తగ్గి, ఇటీవలి అంచనాల ప్రకారము ఇంచుమించు పండ్రెండు వేలకు దిగినది. వానిలో పదింట తొమ్మిది వంతులు అమెరికా రష్యాలవే. కాని ఆ తగ్గుదలకు కారణమైన కట్టుబాట్లు ఒక్కొక్కటిగా తెగుచున్నవి. 1987లో రేగన్, గోర్బచేవ్‌లు చేసికొన్న మధ్యదూరపు అస్త్రముల సంధి 2019లో రద్దయినది. 2010లో చేసికొన్న దూరగామి యస్త్రముల సంధికి 2026 ఫిబ్రవరి 5వ తేదీ గడువుగా నుండగా, మూడేండ్లు ముందే, 2023లో, రష్యా తన పాలు నిలిపివేసెను. చీనా తన యస్త్రములను పెంచుకొనుచున్నది. ఇదివరకు ఇద్దరి నడుమ నుండిన పోటీ ముగ్గురి పోటీ యగుచున్నది. ఆ మూడవవాడు మన సరిహద్దున నున్నాడు. మనకును పాకిస్థానమునకును గల వైరము వేరుగ నున్నది.

పెద్ద పట్టణములు కాలినప్పుడు లేచు మసి ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని అడ్డగించుననియు, చలి పెరిగి వానలు తగ్గుననియు 1983లోనే శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 2022లో ప్రచురితమైన గణన ప్రకారము అమెరికా రష్యాల నడుమ పూర్తి అణుయుద్ధము జరిగినచో దాని పిమ్మట వచ్చు కరవులో అయిదువందల కోట్లమందికి మించి చనిపోవచ్చును. భారత పాకిస్థానముల నడుమ జరిగినను రెండువందల కోట్లకు మించి. బాంబు పడని దేశములలోని చావులే ఇందు హెచ్చు. నైరృతి ఋతుపవనము ఒక యేడు మొగము చాటువేసిననే మన వరిమడులు బీటలువారును. వరుసగా కొన్నియేండ్లు సూర్యుడే మసకబారిన ఏ కాలువ, ఏ ఆనకట్ట రక్షించును? భూమిగలవాడు ఈ సంగతిని రాజకీయవేత్తకంటె బాగుగ గ్రహింపగలడు. బాంబు పడిన పట్టణమెంత దూరమైనను దాని పొగ నీడ తన పొలముపై పడును.

బాంబు భయము వలననే పెద్ద యుద్ధములు రాలేదని, కావున ఆ భయమే శాంతికి కాపలాయని వాదించువారు గలరు. వారి వాదములో కొంత సత్యము లేకపోలేదు. కాని ఎనుబదియేండ్ల ఈ శాంతి ఎన్నిమారులు దారపుపోగుపై వ్రేలాడినదో వారు చెప్పరు. 1962లో అర్ఖిపోవ్, 1983 సెప్టెంబరు 26వ తేదీన పెట్రోవ్ అను సోవియట్ అధికారి. అమెరికా అస్త్రములు వచ్చుచున్నవని యంత్రము చూపగా, అది యంత్రపు పొరపాటని అతడు తలచి పై వారిని తొందరపెట్టలేదు. అతని తలంపే నిజమైనది. ప్రతి పర్యాయమును అట్టి మనుష్యుడే ఆ స్థానమున నుండునని ఎవరు హామీ ఇత్తురు? ఇల్లు కాలకుండుటకు ఇంటిచుట్టు నిప్పు పేర్చుకొని, ఇన్నాళ్లు కాలలేదు గదా యనువానిని మన యూళ్లలో తెలివిగలవాడనరు.

మన మాట వినువారెవరని మరికొందరు నిస్పృహ చెందుదురు. 1954లో నెహ్రూ కోరినప్పుడును ఇట్లే యనిరి. తొమ్మిదేండ్లకు మాస్కో ఒడంబడిక వచ్చి వాయుమండలపు పరీక్షలను అగ్రరాజ్యములు మానినవి. భారతదేశపు మాట యొక్కటే దానికి కారణమని మేమనము; కాని ఆ మాట ముందుగా అన్నవారిలో మనవారున్నారనుట చరిత్ర. 1988 జూనులో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితి యెదుట అణ్వస్త్ర నిర్మూలనమునకు గడువులతోకూడిన ప్రణాళిక నుంచెను. 1998లో అణ్వస్త్రములను ప్రకటించిన తరువాతను, మొదట తాము ప్రయోగింపమను నియమమును మన ప్రభుత్వము 2003 జనవరిలో లిఖితపూర్వకముగ వెల్లడించెను. ఆయుధము లేనినాడు చెప్పిన మాట నీతి. ఆయుధమున్నప్పుడు చెప్పిన మాటకు నీతితోపాటు బరువును గలదు.

కావున మేము కోరునవి యివి. మొదటగా ప్రయోగింపరాదను నియమమును అన్ని అణురాజ్యములును సంధిరూపమున నంగీకరింపవలెనని మన ప్రభుత్వము పట్టుబట్టవలెను. రెండవది, 1988 డిసెంబరు 31వ తేదీన భారత పాకిస్థానములు ఒకరి అణుస్థావరములపై నొకరు దాడిచేయరాదని చేసికొన్న ఒడంబడిక ఎన్ని తగవులు వచ్చినను నిలిచినది. 1992 నుండి ఏటేట జనవరి 1వ తేదీన ఇరువురును పట్టికలు మార్చుకొనుచున్నారు. ఇట్టి కట్టుబాటును చీనాతోను, తక్కిన అణురాజ్యముల నడుమను కల్పింప మన దేశమే పూనుకొనవలెను. బద్ధవైరులు నిలుపుకొన్న మాటను అగ్రరాజ్యములు నిలుపుకొనలేమనుట సిగ్గుచేటు. మూడవది మన యింటి పని. అశ్వాపురము చుట్టుప్రక్కల ప్రతి గ్రామసభలోను, ఏటికొకమారైన, అపాయ ప్రణాళికను తెలుగునను కోయభాషలోను చదివి వినిపింపవలెను. వరదకాలపు తెరువులను అందు చేర్చవలెను. గాలి, నీటి పరీక్షల ఫలములను పంచాయతి గోడపై వ్రాయింపవలెను. ఆ కర్మాగారమునందును, బొగ్గుగనులయందును గూడెముల బిడ్డలకు దొరకిన పనుల లెక్కను జిల్లా అధికారి ఏటేట ప్రకటింపవలెను. దీనికి కొత్త చట్టమక్కరలేదు. ఉన్నదానిని మన్నించిన చాలును.

ఈ మూడవ కోరిక చిన్నదని, మొదటి రెండింటితో దీనిని కలుపరాదని పాఠకులు తలంపవద్దు. మా యభిప్రాయమున మూడును ఒక్కటియే. బలవంతుడు బలహీనునికి లెక్క చెప్పనక్కరలేదను సూత్రముపైననే అణువైరము నిలిచియున్నది. ఆ సూత్రమును జెనీవాలో ఖండించి అశ్వాపురములో పాటించువానికి లోకము చెవియొగ్గదు. గూడెపువానికి తన రక్షణను గూర్చి తెలిసికొను హక్కున్నదని ఒప్పుకొన్న దేశము, లోకమునకు గూడ ఆ హక్కున్నదని గట్టిగ నడుగగలదు. భూములు, విద్య, పలుకుబడి గలవారు ఈ ప్రశ్నలను తమ ప్రతినిధుల నడుగుట ధర్మము. గూడెము అడిగిన వినని కచేరి వారడిగిన వినును. స్వయంపోషకతకై గోదావరి తన నీటిని, అడవి తన నేలను ఇచ్చినవి. దేశము వానికి ఇంకను బాకీయున్నది. ఆ బాకీ తీరిననాడే భారజలము వలన మనకు వచ్చిన గౌరవము పూర్తిగ మనదగును.